రాసుకున్నారా, కట్టారా?

"పారిపోయాడు బావా! ఇందులో నువ్వు తవ్వి తలకెత్తేదేమీ లేదు," అంటూ ఇన్‌స్పెక్టరు తడిసిన టోపీ తీసి ప్రొఫెసరు బల్ల మీద పెట్టాడు.

"టోపీ తియ్యి ముందు. ఆ బల్ల మీద ఏది ఎక్కడుందో నేనింకా చూడలేదు," అన్నాడు జలగ.

జలగ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? పట్టుకుంటే వదలడు గనక పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే ఆ పేరు పడింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక, బోర్డు మీద పెద్దక్షరాలతో అసలు పేరు రాయించుకున్నాడు గానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇన్‌స్పెక్టరు అతని భార్యకు స్వయానా తమ్ముడు. ఇద్దరూ ఒకే కేసులో తగులుకుంటే ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తాయే తప్ప మనుషులు మాట్లాడుకోరు.

ఇన్‌స్పెక్టరు టోపీ తియ్యలేదు. రాత్రంతా పొంగుతున్న ఏటి గట్టు మీద వానలో నిలబడి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎవరో ప్రొఫెసరు కనిపించకుండా పోయాడంటే విసుగు రాక ఏమొస్తుంది?

కిటికీ దగ్గర కుర్చీలో ప్రొఫెసరు భార్య కూర్చుని ఉంది. ఆమె ఉద్యోగమూ ఈ భూవిజ్ఞాన సంస్థలోనే. రాళ్ళను కాగితమంత పలచగా కోసి, భూతద్దాల కింద పెట్టడానికి సిద్ధం చేసే ల్యాబు ఆమెది. ఆయన రాస్తాడు, ఆమె కోస్తుంది అని అక్కడ అందరూ వేళాకోళం చేస్తారు. ఇవాళ ఆమె మొహం చూసి వేళాకోళం చేసే ధైర్యం ఎవరికీ లేదు.

"మొదట్నుంచి చెప్పమ్మా," అన్నాడు జలగ ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని.

"పదిహేను రోజులై ఆయన ఫోను వదల్లేదన్నయ్యగారూ. అన్నం ముందు కూర్చుని కూడా ఎవరికో ఒకరికి చేస్తూనే ఉన్నారు. ఏంటండీ ఇది అని అడిగితే, 'ఒక్క చోటు ఉందే. అదెక్కడో తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే జనం చచ్చిపోతారు' అన్నారు. ఇంక నోరు విప్పలేదు. మొన్న రాత్రి మాత్రం ఏడ్చారు. నా కాపురంలో ఆయన ఏడవడం నేను చూళ్ళేదు. నిన్న మధ్యాహ్నం ఇక్కడికొచ్చారు. అంతే. ఇంటికి రాలేదు. ఫోను ఇదిగో, ఈ సొరుగులోనే ఉంది."

"ఫోను వదిలేసి వెళ్ళేవాడు ఎవడు బావా? దొరక్కూడదనుకున్నవాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "డైరెక్టరుగారు పొద్దున్నే కంప్లైంటు ఇచ్చారు. ఈయన సైటేషన్ల మోసం చేశాడట. బయటపడుతుందని తెలిసి ఉడాయించాడట."

"నా మొగుడు మోసం చేశాడా?" ఆమె లేచి నిలబడింది. "మీరు ఆయన్ని ఒక్కసారైనా చూశారా? కొట్టువాడు రూపాయి ఎక్కువిస్తే వెనక్కెళ్ళి ఇచ్చొచ్చే మనిషి. మీరు వెతకరు. సరే, వెతక్కండి. కానీ ఆ చోటేదో కనుక్కోగలిగింది ఆయనొక్కడే. ఆయన దొరక్కపోతే అక్కడున్న వాళ్ళెవరో ఏమైపోతారో మీరే చెప్పండి!"

జలగ లేచి సొరుగులోంచి ఫోను తీసుకున్నాడు. దానికి తాళం కూడా లేదు. పదిహేను రోజుల కాల్స్ చూసుకుంటూ పోతే వేలు నొప్పి పుట్టింది. మూడు వందలకు పైగా ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ మోసగాడు తన మోసాన్ని ఇన్ని ఊళ్ళకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడంటావా?" అన్నాడు.

"అదేదో డైరెక్టరునే అడుగు. ఆయన గది అదిగో. నాకు గంట టైముంది, తర్వాత గట్టు మీదికి పోవాలి."

* * *

డైరెక్టరు గదిలో దుమ్ము అనే మాట లేదు. రాళ్ళ సంస్థలో ఒక్క రాయి కూడా లేని గది అదొక్కటే. మనిషి కూడా అలాగే ఉన్నాడు, ఇస్త్రీ నలగని చొక్కా, ఎక్కడా నలగని మాట. జలగను కూర్చోమని, కంప్యూటర్ తెరను అతనివైపు తిప్పాడు.

"మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒకరు రాసిన పేపరును ఇంకొకరు తమ పేపర్లో ఆధారంగా చూపిస్తే ఒక సైటేషన్. ఎన్ని సైటేషన్లుంటే మా లోకంలో అంత పరపతి. ఈ పేపరు పదహారేళ్ళ కిందట మేమిద్దరం కలిసి రాసింది. కొండవాలు ఎంత ఏటవాలు దాకా జారకుండా నిలబడుతుందో చెప్పే ఒక అంకె ఉంది ఇందులో. దీనికి పంతొమ్మిది వందల సైటేషన్లు దాటాయి. ఈ సంస్థకున్న పేరంతా ఈ ఒక్క పేపరే."

"మరి మోసం ఎక్కడ?"

"అదే నా బాధ. పేరు మీద ఆశ చావలేదు ఆయనకి. వాడినవాళ్ళకందరికీ ఫోన్లు చేసి ఇంకా వాడండి, ఇంకా రాయండి అని అడుక్కోవడం మొదలెట్టాడు. నాకు ఇద్దరు ముగ్గురు చెప్పారు. తలకొట్టేసినట్టయింది."

"ఏమని అడిగాడో వాళ్ళు చెప్పారా?"

"ఇంకేం అడుగుతాడు? సైటేషన్లే."

"మీరు ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మొన్న సాయంత్రం. నిన్న అసలు కలవలేదు."

జలగ తల ఊపి, ప్రొఫెసరు ఫోను బల్ల మీద పెట్టి, ఆ జాబితాలో వేలు ఎక్కడ ఆగితే అక్కడ నొక్కాడు. స్పీకరు పెట్టాడు. డైరెక్టరు చెయ్యి పైకి లేచింది గానీ, అప్పటికే అవతల ఒక ఆడగొంతు పలికింది. ఎక్కడో దూరాన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆవిడ.

"సార్! బావున్నారా? నేనే చేద్దామనుకుంటున్నా. దొరికిందా సార్ ఆ చోటు?"

"నేను ఆయన స్నేహితుణ్ణమ్మా. ఆయన కనబడటం లేదు. మీతో ఏం మాట్లాడారో చెప్తారా? సైటేషన్ కోసం అడిగారా?"

"అయ్యో, సైటేషనేంటండీ! నా పేపర్లో ఆయన అంకె వాడానని చూసి ఫోన్ చేశారు. ఒక్కటే ప్రశ్న. 'అమ్మా, ఆ అంకె నువ్వు ఊరికే రాసుకున్నావా, దాన్ని పట్టుకుని ఏదన్నా కట్టారా?' అని. లేదు సార్, పేపరు కోసం రాసుకున్నానంతే అన్నా. 'బతికించావు తల్లీ' అన్నారండీ. నాకు భయమేసింది. ఆయన గొంతు అలా ఉంది." ఆవిడ కొంచెం ఆగింది. "నాకు తెలిసిన వాళ్ళలో ఇంకో నలుగురికి కూడా చేశారు. అందర్నీ అదే అడిగారు. రాసుకున్నారా, కట్టారా అని."

ఫోను ఆగిపోయాక గదిలో వాన చప్పుడు కూడా లేదు. ఎప్పుడు వెలిసిందో ఎవరూ గమనించలేదు. గుమ్మంలో నిలబడి విన్న ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. అతని వెనకే వచ్చిన ప్రొఫెసరు భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"అంటే ఆ అంకె తప్పు," అన్నాడు జలగ. "తన పరపతంతా దేని మీద నిలబడిందో అదే తప్పని ఆయనకి తెలిసిపోయింది. పంతొమ్మిది వందల మందిలో పేపర్లు రాసుకున్న వాళ్ళతో ప్రాణభయం లేదు. ఎవడో ఒకడు ఆ అంకెను నమ్మి కొండ మీద ఏదో కట్టి ఉంటాడు. వాణ్ణి వెతుకుతున్నాడు ఆ పిచ్చి మనిషి. తిండి మానేసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి."

"ఊహాగానాలు," అన్నాడు డైరెక్టరు. "పంతొమ్మిది వందల మంది వాడిన అంకె తప్పవుతుందా? అంతమంది తెలివితక్కువ వాళ్ళా?"

ప్రొఫెసరు భార్య కొంగు తీసేసింది. "అంతమందిలో ఒక్కరైనా మళ్ళీ బోరు వేసి చూశారా సార్? బోరు వెయ్యాలంటే లక్షలు కావాలి. సైటేషన్ వెయ్యాలంటే ఒక్క లైను చాలు. మా ఆయన చెప్పాడని వాళ్ళు, వాళ్ళు చెప్పారని వీళ్ళు."

"ఆ అంకె ఏ బోరు నుంచి వచ్చిందమ్మా?" అన్నాడు జలగ.

"షెడ్డులో ఉంది. పెట్టె నేను చూపిస్తా."

"షెడ్డు తాళం వేసి ఉంది," అన్నాడు డైరెక్టరు.

"తియ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. జలగ వెనక్కి తిరిగి బావమరిది మొహం చూశాడు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆ గొంతులో పోలీసు పలికాడు.

* * *

సంస్థ వెనకాల రేకుల షెడ్డు. దానికి రెండే తాళంచెవులు, ఒకటి ప్రొఫెసరుది, ఒకటి డైరెక్టరుది. డైరెక్టరు తన చెవితో తీశాడు.

లోపల నేల నుంచి కప్పు దాకా చెక్కపెట్టెలు. బోరు వేసినప్పుడు భూమి లోపలి నుంచి గొట్టంలో పొడుగ్గా బయటికొచ్చే మట్టి కడ్డీలను అయిదేసి వరసలుగా పేర్చి దాచే పెట్టెలవి. ఒక పెట్టె మాత్రం గోడకు ఆనించిన బల్ల మీద, దీపం కింద, మూత తీసి ఉంది. బల్లకు ఇవతల కుర్చీ. కుర్చీ పక్కన చిన్న నీళ్ళ సీసా.

"ఎవరూ కదలొద్దు," అని జలగ నడుం వంచి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతను అలా నిలబడితే ఎంతసేపు నిలబడతాడో ఎవరూ చెప్పలేరు. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"బావా, గట్టు తెగితే నీ నడుం నొప్పి గురించి రాసుకుంటా రిపోర్టులో."

"రాసుకుందువుగానీ, ఇలా రా. ఈ కుర్చీ కాలి పక్కన ఏముంది?"

తాళంచెవుల గుత్తి. ప్రొఫెసరు భార్య దాన్ని చూడగానే "ఆయనవే!" అంది.

"ఆయన తాళంచెవి లోపల ఉంది. తలుపుకు తాళం బయట ఉంది. మరి తాళం వేసిందెవరు?"

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా డైరెక్టరువైపు తిరిగాడు. డైరెక్టరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తొందరపడకు, ఇంకోటి ఉంది," అన్నాడు జలగ. "ఈ పెట్టెకు ఒక మూల విరిగిపోయింది చూడు, గోడ వైపు. మట్టిని తడిపి చూస్తారు గదా, ఆ నీళ్ళు విరిగిన మూలలోంచే కారాలి. కారిన మరక ఎక్కడుంది? ఇదిగో, కుర్చీ వైపు. ఆయన కూర్చున్నప్పుడు విరిగిన మూల ఇటుంది. ఆయన వెళ్ళాక ఎవరో పెట్టెను అటుదిటు తిప్పి పెట్టారు. ఎందుకమ్మా? ఈ పెట్టెను తిప్పితే ఏమొస్తుంది?"

ఆమె దగ్గరికి వచ్చింది. పెట్టె మీద అతికించిన పాత చీటీ చూసింది. మట్టి వరసలు చూసింది. సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని మట్టి మీద చల్లింది. తడిసిన చోట పొరలు ఒక్కొక్కటీ పైకి తేలాయి.

"దీన్ని పుస్తకం చదివినట్టు చదవాలన్నయ్యగారూ. పై వరస ఎడమ చివర నేల మట్టం. కింది వరస కుడి చివర అట్టడుగు, పదిహేను అడుగుల లోతు. చీటీ ప్రకారం అలాగే ఉంది. కానీ..." ఆమె వేలు ఒక పొర మీద ఆగింది. "నీళ్ళలో గుప్పెడు మట్టి పోస్తే బరువైన గింజలు ముందు దిగుతాయి, సన్నవి తర్వాత పేరుకుంటాయి. ప్రతి పొరలోనూ ముతక కింద, మెత్తన పైన ఉండాలి. ఇక్కడ అన్నిట్లోనూ ముతక పైనుంది."

ఆమె గోరుతో అట్టడుగు వరసలోంచి చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుంది. ముందరి పళ్ళతో కొరికింది. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. ఆమె తుపుక్కున ఊసి, పై వరసలోంచి ఇంకో చిటికెడు తీసి అదీ కొరికింది.

"అలా చూడకండి, మా వాళ్ళందరూ ఇలాగే చూస్తారు. పంటి కింద కరకరలాడితే ఒండ్రు. వెన్నలా జారితే బంకమన్ను. నీళ్ళు తగిలితే జారేది ఆ బంకమన్నే." ఆమె రెండు చేతులూ పెట్టె మీద ఆన్చింది. "పెట్టె తలకిందులుగా ఉందండీ! పదహారేళ్ళ కిందట లారీలోంచి దించినవాళ్ళెవరో ఇటు మొహం అటు పెట్టారు. చీటీ అంటించినవాళ్ళు అలాగే అంటించారు. జారే మట్టి పదిహేనడుగుల అడుగున ఉందని పేపర్లో రాశారు. అది పునాదులు వేసే లోతులోనే ఉంది. నేలకు మూడడుగుల్లో!"

జలగ పెట్టె మీది చీటీ మళ్ళీ చదివాడు. ఎవరి మీదో కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలి? పెట్టె దించినవాడు ఎవడో, ఉన్నాడో పోయాడో. తిప్పి దించిన ఒక్క క్షణం మీద పంతొమ్మిది వందల పేపర్లు, వాటి మీద ఇంకెన్నో, ఆ చివర ఎక్కడో కొండ మీద మనుషులు. ఆ చోటు వెతుకుతున్న మనిషి లేడు.

"నిన్న ఎన్నింటికి వచ్చాడు ఇక్కడికి?" అన్నాడు జలగ, డైరెక్టరు మీదికి నడుస్తూ. "అబద్ధం చెప్పారంటే మా బావమరిది చేతికప్పగించి నేను బయటికెళ్ళిపోతా. వాడు రాత్రంతా నిద్రపోలేదు, మీ ఇష్టం."

డైరెక్టరు ఇస్త్రీ మొదటిసారి నలిగింది. "రెండున్నరకి. పెట్టె తిప్పి చూపించాడు. పేపరు వెనక్కి తీసుకుందాం అన్నాడు. వెనక్కి తీసుకుంటే ఈ సంస్థలో వంద మంది ఉద్యోగాలేం కావాలి? గొడవపడ్డాం. ఉన్నట్టుండి పరిగెత్తుకుంటూ బయటికి పోయాడు. ఎక్కడికో నాకు తెలీదు. నేను పెట్టె సర్ది, తాళం వేసి వచ్చానంతే. అది నేరమా?"

"పరిగెత్తింది ఏ మాట విని? ఆఖరున మీరేమన్నారు?"

"గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకో!" ప్రొఫెసరు భార్య అరిచింది. నోటి చుట్టూ మట్టి, కళ్ళలో నీళ్ళు. సంస్థలో పెద్దవాడన్న మర్యాద ఆ అరుపులో లేదు.

అప్పుడే షెడ్డు గుమ్మంలోకి ఇన్‌స్పెక్టరు జీపు నడిపే కానిస్టేబులు వచ్చాడు, గట్టు నుంచి వైర్‌లెస్‌లో పిలుస్తున్నారని చెప్పడానికి. ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఏంటి సార్, ఈవిడ కూడా మట్టి తిన్నారా? ఇదేమన్నా అంటురోగమా?"

"కూడా అంటే?" అన్నాడు జలగ.

"నిన్న ఒక ముసలాయన ఇంతే సార్. కొండ మీద కొత్త స్కూలు దగ్గర. ఏటి ఒడ్డు జనాన్ని అక్కడికి చేరుస్తున్నాం గదా, ఈయన గుంటలో దిగి మట్టి తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు, ఊస్తున్నాడు, దిగిపోండి దిగిపోండి అని జనం మీద పడి అరుస్తున్నాడు. పిల్లలు దడుచుకుని ఏడుపు. పేరు చెప్పమంటే, నా పేరు పంతొమ్మిది వందల చోట్ల ఉంది, అక్కడ చూసుకోండి అంటాడు! పిచ్చోడని లాకప్పులో వేశాం. సార్‌ని అడిగే వేశాం."

ఇన్‌స్పెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "అవును," అన్నాడు. "వైర్‌లెస్‌లో అడిగారు. పొద్దున చూద్దాం, లోపల పడెయ్యండి అన్నాను."

"స్కూలు," అన్నాడు జలగ. డైరెక్టరు గోడకు ఆనుకున్నాడు.

"నాలుగేళ్ళుగా నిక్షేపంగా నిలబడి ఉంది అన్నాను," అన్నాడతను నేల చూస్తూ. "అంకె తప్పయితే మన స్కూలు ఎప్పుడో జారేది అన్నాను. ఏ స్కూలు అని అడిగాడు, కొండ మీదిది అన్నాను. ఆ కట్టడానికి సలహా ఇచ్చింది నేనే. ఆయనకి చెప్పలేదెప్పుడూ."

ఎక్కడెక్కడికో మూడు వందల ఫోన్లు చేశాడు ఆ అమాయకుడు. కట్టినవాడు తన పక్క గదిలోనే ఉన్నాడు.

"నిన్న సాయంత్రం నేను మీకు ఫోన్ చేశాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు, కానీ జలగ అతని భుజం పట్టుకోవలసి వచ్చింది. "జనాన్ని ఎక్కడ పెట్టను సార్, ఆ స్కూలు గట్టిదేనా అని మిమ్మల్ని అడిగాను. అప్పటికి మీకు తెలుసు. ఆయన చెప్పి వెళ్ళాడు మీకు. అయినా గట్టిదే అన్నారు. నాలుగు వందల మందిని నా చేతులతో ఎక్కించాను. మా అమ్మను కూడా."

జలగ చెయ్యి ఆ భుజం మీదే ఉండిపోయింది. ఆవిడ అతనికి అత్తగారు. ఇల్లు మునుగుతుందని నిన్న మూట కట్టి ఇచ్చింది అతని భార్యే.

* * *

లాకప్పులో ప్రొఫెసరు గోడవారన కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా మట్టి, కళ్ళద్దాలు లేవు, రాత్రంతా అరిచి అరిచి గొంతు పోయింది. భార్య ఊచల్లోంచి చేతులు దూర్చి మొహం పట్టుకుంటే, "నువ్వా? చూశావా పెట్టె?" అన్నాడు గుసగుసగా. ఆమె తల ఊపింది.

"నేనే పొరపాటు పడ్డాను," అన్నాడు. "అంత పేరొచ్చాక ఆ పెట్టె మళ్ళీ తెరవాలని తోచలేదు. ఎవరన్నా కొత్తగా వాడారంటే సంతోషించాను. పంతొమ్మిది వందల సార్లు సంతోషించాను."

కానిస్టేబులు తాళం తీస్తుంటే చెవి కిందపడింది. జలగ తీసి ఇచ్చాడు. దారి పొడుగునా కలవకపోయినా, ఇన్‌స్పెక్టరు స్కూలు దగ్గరున్న తన మనిషికి ఇంకా ఫోన్ కలుపుతూనే ఉన్నాడు.

"వాన ఆగిందా?" అన్నాడు ప్రొఫెసరు ఉన్నట్టుండి.

"ఆగిందండీ, గంట దాటింది. ఇంక భయం లేదు గదా?" అన్నాడు జలగ ఆశగా.

ప్రొఫెసరు తల అడ్డంగా తిప్పాడు. "పడుతున్నంతసేపూ కాదు. పడిన నీళ్ళు లోపలికి ఇంకి బంకమన్ను దాకా దిగాలి. దానికి టైము పడుతుంది. ఆగాకే కదులుతుంది. ఇప్పుడే."

ఇన్‌స్పెక్టరు ఫోను కలిసింది. అతను నోరు తెరిచేలోపే అవతలి కానిస్టేబులు తీరిగ్గా మాట్లాడేస్తున్నాడు. స్పీకర్లో వెనకాల పిల్లల ఆట, గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపిస్తున్నాయి.

"సార్, నేనే చేద్దామనుకుంటున్నా. ఇక్కడంతా బాగానే ఉంది. వాన తగ్గింది గదా, అందర్నీ తిండికి కింది వరస గదుల్లో కూచోబెట్టాం. అమ్మగారు కూడా అక్కడే ఉన్నారు, మీరు తిన్నారా అని అడుగుతున్నారు. చిన్న ఇబ్బందొకటే సార్. ఆ గదుల తలుపులు ఒక్కటీ తెరుచుకోవట్లేదు. పావుగంట కిందట వేశాం, ఇప్పుడు లాగితే రావట్లేదు. వానకి ఉబ్బినట్టున్నాయి. ఒక వడ్రంగిని పంపిస్తారా?"

ప్రొఫెసరు గోడ పట్టుకుని లేచి వచ్చి, ఇన్‌స్పెక్టరు చేతిలోని ఫోను మీదికి వంగాడు.

"తలుపులు చెక్కవా నాయనా?"

"ఎవరండీ? కాదండీ," అన్నాడు కానిస్టేబులు. "ఇనపవి."